ఫైన్ కట్టినా పోని కేసులు

అమెరికాలో వాటిని మిస్‌డిమీనర్లు అంటారు. వాటికి జైలు శిక్ష సాధారణంగా ఏడాది దాటదు, చాలాసార్లు జైలే ఉండదు. అయినా ఉద్యోగం, వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం... ఎటు అడుగేసినా ఆ కేసు ఏళ్ల తరబడి ఎదురొస్తూనే ఉంటుంది. పిల్లల్ని అక్కడికి పంపిన, పంపబోతున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

వర్జీనియాలో గంటకు 86 మైళ్ల వేగంతో కారు నడపడం నేరం. 85 మైళ్లు దాటినా, వేగపరిమితి కన్నా 20 మైళ్లో అంతకు మించో ఎక్కువ వెళ్లినా అక్కడి చట్టం దాన్ని ‘రెక్లెస్ డ్రైవింగ్’ అంటుంది. అది ఒకటో తరగతి మిస్‌డిమీనర్. గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. 86 మైళ్లంటే మన లెక్కలో 138 కిలోమీటర్లు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద ఈ వేగానికి ఫోన్‌కి చలానా మెసేజ్ వస్తుంది, డబ్బు కట్టేస్తే అక్కడితో సరి. ఆష్‌బర్న్ నుంచి వాషింగ్టన్ వైపు ఆఫీసుకు వెళ్లే తెలుగు ఇంజినీరుకు పోలీసు చేతికిచ్చే కాగితం కూడా చూడ్డానికి చలానాలాగే ఉంటుంది. కానీ అది సమన్లు. దాని మీద కోర్టు తేదీ ఉంటుంది. దోషి అని తేలితే ఆయన పేరు మీద క్రిమినల్ రికార్డు మొదలవుతుంది.

మన వాళ్లలో చాలామందికి అక్కడి చట్టంతో తొలి పరిచయం ఇలాగే జరుగుతుంది. హత్యలూ దోపిడీల జోలికి పోని మనుషులు, బుద్ధిగా చదువుకుని, అప్పు చేసి విమానమెక్కిన పిల్లలు ఒక సాయంత్రం చేసిన పొరపాటుకు కోర్టు మెట్లెక్కుతున్నారు. అక్కడ పడే శిక్ష చిన్నదే. ఆ శిక్షను త్వరగా వదిలించుకోవాలన్న తొందరలో ‘గిల్టీ’ అని ఒప్పుకుంటారు చూడండి, జీవితాన్ని దెబ్బతీసేది ఆ ఒప్పుకోలు. ఈ కథనం చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదొక్కటే.

మూడు అంతస్తుల నేరాలు

అమెరికా చట్టంలో తప్పులు స్థూలంగా మూడు రకాలు. అన్నిటికన్నా కింద ఉండేవి ఇన్‌ఫ్రాక్షన్లు. తప్పుడు పార్కింగ్, సిగ్నల్ జంపింగ్ లాంటివి చాలా రాష్ట్రాల్లో వీటి కిందికి వస్తాయి. పైన ఉండేవి ఫెలొనీలు. ఇవి ఏడాదికి మించి జైలు పడగల తీవ్ర నేరాలు. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవే మిస్‌డిమీనర్లు. చిల్లర దొంగతనం, తాగి బండి నడపడం, చిన్నపాటి కొట్లాట, ఇతరుల స్థలంలోకి చొరబడటం, లైసెన్సు లేకుండా డ్రైవింగ్, బహిరంగంగా అల్లరి... అన్నీ ఈ మధ్య అంతస్తులోనే. శిక్ష పడితే సాధారణంగా కౌంటీ జైల్లో ఏడాది లోపు ఉండాలి. లేదంటే జరిమానా, ప్రొబేషన్, సమాజసేవ.

ఏ తప్పు ఏ అంతస్తులో ఉంటుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. జార్జియాలో మామూలు ట్రాఫిక్ తప్పుల్లో చాలావరకు చట్టం దృష్టిలో మిస్‌డిమీనర్లే. న్యూజెర్సీ చట్టం ఆ మాటే వాడదు. ‘డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్’ అంటుంది, ఆరు నెలల దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా వేస్తుంది. అందువల్ల డాలస్‌లో ఉన్న అన్నయ్య అనుభవం ఎడిసన్‌లో ఉన్న తమ్ముడికి పనికిరాదు.

వీటి సంఖ్య తక్కువేం కాదు. అమెరికాలో ఏటా దాదాపు 1.3 కోట్ల మిస్‌డిమీనర్ కేసులు నమోదవుతున్నాయని న్యాయశాస్త్ర పరిశోధకులు 2018లో లెక్కగట్టారు. సినిమాల్లో కనిపించే జ్యూరీలు, వాదోపవాదాలు ఆ వ్యవస్థలో చాలా చిన్న భాగం. అమెరికన్లు నిజంగా ఎక్కే కోర్టు మిస్‌డిమీనర్ కోర్టే.

బుట్టలో వస్తువు ధర

తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఇరుక్కుంటున్న వాటిలో దుకాణాల కేసులు ఒకటి. 2024 మార్చిలో న్యూజెర్సీలోని ఒక సూపర్‌మార్కెట్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినులు పట్టుబడిన వార్త ఇక్కడి పత్రికల్లోనూ వచ్చింది. ఇప్పుడు పెద్ద దుకాణాలన్నిటిలో సెల్ఫ్ చెకౌట్ యంత్రాలున్నాయి. సరుకులు మనమే స్కాన్ చేసుకుని, మనమే కార్డు గీసి బయటికి రావాలి. పది వస్తువుల్లో రెండు స్కాన్ కాకుండా సంచిలోకి వెళ్తే, అది మరపా, కావాలని చేసిందా అన్నది పైనున్న కెమెరా ముందు తేలాలి. కొన్ని దుకాణాలు మొదటిసారి పట్టుకోవు. రెండు మూడుసార్ల వీడియోలు దాచి, అన్నీ కలిపి పోలీసులకు ఇస్తాయి.

దొంగిలించిన వస్తువు విలువే కేసు తరగతిని తేలుస్తుంది. టెక్సస్ చట్టం చూడండి. 100 డాలర్ల లోపైతే ‘సి’ తరగతి మిస్‌డిమీనర్. జైలు లేదు, 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే. 100 నుంచి 750 డాలర్ల లోపు ‘బి’ తరగతి. 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. 750 నుంచి 2,500 లోపు ‘ఎ’ తరగతి. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. 2,500 తాకితే ఫెలొనీయే.

దుకాణం వాళ్లు ఆపగానే మన పిల్లలు చేసే మొదటి పని బతిమాలడం. ‘సారీ, తప్పయిపోయింది, కావాలంటే రెట్టింపు కడతాను, వదిలేయండి’ అంటారు. మన ఊళ్లో ఆ మాటకు షాపు యజమాని మనసు మెత్తబడుతుంది. అక్కడ పోలీసు చొక్కాకున్న కెమెరాలో ఆ మాట నేరాంగీకారంగా రికార్డవుతుంది. పోలీసులు రాకముందే దుకాణం వాళ్ల ‘లాస్ ప్రివెన్షన్’ సిబ్బంది వెనక గదిలో కూర్చోబెట్టి ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. మౌనంగా ఉండే హక్కు ఉందని చెప్పాల్సిన బాధ్యత పోలీసులకే, అదీ అదుపులోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడే. దుకాణం సిబ్బందికి ఆ నియమం వర్తించదు. తర్వాత కొన్ని వారాలకు దుకాణం తరఫు లాయర్ల నుంచి డబ్బు కట్టమని ఉత్తరం వస్తుంది. అది కట్టేస్తే కేసు పోయిందనుకుంటారు. అది సివిల్ వసూలు, క్రిమినల్ కేసు దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు అన్నిటికన్నా చిన్న కేసులోనే ఉంది. టెక్సస్‌లో ‘సి’ తరగతి టికెట్ వచ్చిన కుర్రాడితో రూములో సీనియర్ అంటాడు: ‘ఏం కాదులే తమ్ముడూ, ఫైన్ కట్టేయ్, అయిపోద్ది.’ కట్టేస్తాడు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఫైన్ కట్టడమంటే అభియోగాన్ని కాదనకుండా శిక్షకు ఒప్పుకోవడమే. అంటే వంద డాలర్లు కూడా చేయని వస్తువు మీద దొంగతనం కేసులో ఆ కుర్రాడు దోషి. లాయర్‌ను కలవలేదు, జడ్జి ముఖం చూడలేదు. పేరు పక్కన ‘థెఫ్ట్’ అన్న మాట మాత్రం చేరిపోయింది.

మూడు నిమిషాల కోర్టు

ఫ్లోరిడా మిస్‌డిమీనర్ కోర్టుల్లో కూర్చుని పరిశీలించి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ క్రిమినల్ డిఫెన్స్ లాయర్స్ 2011లో ఒక నివేదిక వెలువరించింది. అభియోగం వినిపించే తొలి విచారణ సగటున మూడు నిమిషాలు కూడా సాగడం లేదని తేల్చింది. దాదాపు 70 శాతం మంది ఆ మూడు నిమిషాల్లోనే ‘గిల్టీ’ అనో, ‘అభ్యంతరం లేదు’ అనో చెప్పేశారు. పేరు పిలుస్తారు, అభియోగం చదువుతారు, ఏమంటావని అడుగుతారు, జరిమానా చెబుతారు, ఇంకో పేరు పిలుస్తారు.

లాయర్ ఉండడా అని అడగొచ్చు. జైలు శిక్ష పడే కేసైతే మిస్‌డిమీనర్‌లోనూ పేదవాడికి ప్రభుత్వమే లాయర్‌ను ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1972లో ఆర్గర్సింగర్ కేసులో చెప్పింది. కానీ 1979లో స్కాట్ కేసులో ఆ హక్కుకు గీత గీసింది. ఆ మనిషి చేసింది కూడా దుకాణంలో దొంగతనమే, పడింది 50 డాలర్ల జరిమానా. నిజంగా జైలుకు పంపనప్పుడు లాయర్‌ను ఇవ్వక్కర్లేదంది కోర్టు. జరిమానాతో పోయే కేసుల్లో మన పిల్లలు ఒంటరిగా నిలబడటానికి మూలం ఆ తీర్పు.

బెయిల్ కట్టలేనివాళ్ల మీద ఒత్తిడి ఇంకో రకం. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో 2016లో మరాండా ఓడానెల్ అనే ఒంటరి తల్లిని చెల్లని లైసెన్సుతో కారు నడిపినందుకు అరెస్టు చేసి 2,500 డాలర్ల బెయిల్ అడిగారు. కట్టలేక జైల్లో ఉండిపోయింది. ఆమె వేసిన దావా మీద డబ్బు లేదన్న కారణంతో మిస్‌డిమీనర్ నిందితుల్ని జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ జడ్జి లీ రోజెంథాల్ 2017లో తీర్పిచ్చారు. 2019లో కౌంటీ రాజీకొచ్చి పద్ధతి మార్చుకుంది. ఆ కౌంటీ కేసుల్నే పరిశీలించిన మరో అధ్యయనంలో, బయట ఉన్నవాళ్ల కన్నా జైల్లో ఉన్నవాళ్లు నేరం ఒప్పుకునే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది. ఒప్పుకుంటే ఈ సాయంత్రమే ఇంటికి వెళ్లొచ్చు, కాదంటే వారాలు లోపలే ఉండాలి. ఈ పరిస్థితిలో వచ్చే ‘గిల్టీ’ అన్న మాటకు, నిజంగా నేరం జరిగిందా లేదా అన్నదానికి సంబంధం తెగిపోతుంది. న్యాయం పేరిట జరుగుతున్న ఈ తొందర అన్యాయమే.

ఇమిగ్రేషన్ లెక్క వేరు

పౌరసత్వం లేనివాళ్ల విషయంలో రెండు చట్టాలు ఒకే కేసును రెండు రకాలుగా చదువుతాయి. క్రిమినల్ కోర్టు ‘నిన్ను దోషిగా ప్రకటించడం లేదు, ఆరు నెలలు సక్రమంగా ఉండు, కేసు కొట్టేస్తాం’ అంటుంది. దీన్నే డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు. లోకల్ లాయర్‌కు అది గెలుపే. కానీ 1996లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం ‘కన్విక్షన్’కు తన నిర్వచనం తాను రాసుకుంది. నిందితుడు నేరం ఒప్పుకుని, ఆ మీదట జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో పెడితే చాలు, ఇమిగ్రేషన్ దృష్టిలో దోషే. ఆరు నెలల తర్వాత కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా ఆ లెక్క సాధారణంగా మారదు. దానికి భిన్నంగా, నేరం ఒప్పుకోకుండానే క్లాసులకు వెళ్లి, సమాజసేవ చేసి కేసు ముగించుకునే ‘ప్రీట్రయల్ డైవర్షన్’ ఉంది. ఒప్పుకోలు లేదు కాబట్టి అది సాధారణంగా కన్విక్షన్ కిందికి రాదు. కోర్టు వరండాలో ఈ రెంటికీ తేడా ఒక సంతకమే. ఇమిగ్రేషన్ కార్యాలయంలో ఆ తేడా దేశంలో ఉండటం, పోవడం.

నేరాల్లోనూ తేడాలున్నాయి. అతివేగం సాధారణంగా ఎవరినీ దేశం దాటించదు. దొంగతనం, మోసం మాత్రం ‘నైతిక పతనాన్ని సూచించే నేరాల’ జాబితాలోకి వస్తాయి. దేశంలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు అలాంటి నేరం ఒక్కటి చేసి, దానికి చట్టంలో ఏడాది, ఆపైన శిక్ష వేసే వీలుంటే డిపోర్టేషన్‌కు అది చాలు. నిజంగా పడిన శిక్ష ఒక్కరోజైనా సరే. వేర్వేరు సంఘటనల్లో అలాంటివి రెండుంటే ఐదేళ్ల లెక్కా, ఏడాది లెక్కా ఏవీ చూడరు. మొదటిసారి చేసిన చిన్న నేరానికి ‘పెటీ అఫెన్స్’ మినహాయింపు ఒకటుంది. గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు, పడిన శిక్ష ఆరు నెలలు మించకూడదు. అది కొత్తగా ప్రవేశం, గ్రీన్‌కార్డు అడిగేటప్పుడు ఆదుకుంటుంది, అదీ ఒక్కసారే.

ఒక్క రోజు తేడా ఎంత పని చేస్తుందో కొన్ని రాష్ట్రాలు గ్రహించాయి. వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కు తగ్గించాయి. ఏడాదికి ఒక రోజు తగ్గితే డిపోర్టేషన్ సూత్రం అంటదు. ఆ ఒక్క రోజు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. టెక్సస్‌లో ‘ఎ’ తరగతికి ఇప్పటికీ పూర్తి ఏడాదే.

జార్జియాలో జరిగిన ఒక కేసు ఈ చట్టం తీరును పూర్తిగా చూపిస్తుంది. జర్మనీ నుంచి పసితనంలోనే దత్తత వచ్చి అమెరికాలో పెరిగిన ఒక యువతి 1988లో జరిగిన గొడవలో మరో మహిళ జుట్టు పట్టుకుని లాగింది. లాయర్ లేకుండానే నేరం ఒప్పుకుంది. ఏడాది శిక్ష వేసి, మొత్తం సస్పెండ్ చేశారు. ఒక్క రోజు జైలుకు వెళ్లలేదు. పదేళ్లు దాటాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే డిపోర్టేషన్ నోటీసు వచ్చింది. హింసకు, దొంగతనానికి ఏడాది శిక్ష పడితే, అది సస్పెండైనా సరే, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని ‘తీవ్ర ఫెలొనీ’గా చూస్తుంది. 1996 నాటి మార్పు పాత కేసులకూ వర్తించింది. చివరికి 2000 సంవత్సరంలో రాష్ట్ర క్షమాభిక్ష బోర్డు ఆమెను క్షమిస్తే బతికిపోయింది.

ఇలాంటి కేసుల తర్వాత 2010లో సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. హొండూరస్‌లో పుట్టి, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి, నలభై ఏళ్లుగా గ్రీన్‌కార్డుతో ఉన్న హోసే పడియ్యా అనే ట్రక్కు డ్రైవరు గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఇంతకాలంగా ఉంటున్నావు, నీకేం భయం లేదని లాయర్ చెప్పిన మాట నమ్మాడు. ఆ సలహా తప్పు. నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ముప్పు ఉందా లేదా అని క్లయింటుకు చెప్పడం లాయర్ రాజ్యాంగ బాధ్యత అని కోర్టు తేల్చింది. అంటే ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రతి వలస నిందితుడికీ ఉంది. లాయర్ చెప్పకపోతే నోరు తెరిచి అడగాలి. లాయరే లేని ఫైన్ కేసుల్లో మాత్రం ఆ తీర్పు కూడా కాపాడలేదు.

రెండు బీర్లు, ఒక వీసా

మన దేశంలో వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంకెన్ డ్రైవ్. అమెరికాలో హద్దు 80 మిల్లీగ్రాములు, వాళ్ల లెక్కలో 0.08 శాతం. ఒక్క యూటాలో 0.05. హద్దు ఎక్కువగా ఉందన్న ధైర్యంతో వీకెండ్ పార్టీ తర్వాత స్టీరింగ్ పట్టుకునేవాళ్లున్నారు. హద్దు దాటకున్నా బండి అదుపు తప్పుతోందని పోలీసుకు అనిపిస్తే అరెస్టు చేయొచ్చు. తాగి నడిపే కేసును డీయూఐ అంటారు, చాలా రాష్ట్రాల్లో మొదటిసారైతే అది మిస్‌డిమీనర్. లైసెన్సు సస్పెన్షన్, మద్యం క్లాసులు, ఊదితే గానీ కారు స్టార్టవని యంత్రం, ఆకాశానికంటే బీమా ప్రీమియం... ఇవన్నీ స్థానిక శిక్షలు.

వీసా మీద దెబ్బ వీటితో నిమిత్తం లేకుండా పడుతుంది. 2015 నవంబరు నుంచి అమెరికా విదేశాంగ శాఖ విధానం ప్రకారం, గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసులో అరెస్టైతే చాలు, వీసా రద్దు చేయొచ్చు. నేరం రుజువు కానక్కర్లేదు. న్యూజెర్సీలో డీయూఐ ట్రాఫిక్ తప్పే, విస్కాన్సిన్‌లో మొదటిసారైతే నేరమే కాదు. వీసా విషయంలో ఆ తేడా పట్టించుకోరు. వీసా రద్దైనంత మాత్రాన చాలా సందర్భాల్లో వెంటనే దేశం వదలాల్సిన పనిలేదు. హెచ్1బీ స్టేటస్ మీద ఉద్యోగం సాగొచ్చు. కానీ చెల్లెలి పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో ఇండియా వస్తే మళ్లీ వీసా కోసం కాన్సులేట్ ముందు నిలబడాలి. మద్యం అలవాటు మీద డాక్టరు పరీక్షకు వెళ్లాలి. ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఆ భయంతో తల్లిదండ్రుల్ని చూడ్డానికి రాలేకపోతున్న కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. పోనీ పక్కనే కెనడా వెళ్దామంటే, 2018 డిసెంబరులో ఆ దేశం మద్యం డ్రైవింగ్‌కు గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచింది. అమెరికాలో మిస్‌డిమీనర్‌గా ముగిసిన కేసు కెనడా సరిహద్దు దగ్గర తీవ్ర నేరంగా ఎదురవుతుంది.

గంజాయి సంగతీ చెప్పుకోవాలి. చాలా రాష్ట్రాల్లో దుకాణాల్లో అమ్ముతున్నా ఫెడరల్ చట్టంలో అది నిషిద్ధమే. ఇమిగ్రేషన్ ఫెడరల్ వ్యవహారం. రాష్ట్రంలో తప్పు కాని పని గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో తప్పవుతుంది.

ఇంట్లో గొడవ, 911కి ఫోన్

భార్యాభర్తల మధ్య మాటామాటా పెరిగి చెయ్యి లేస్తుంది. ఎవరో 911కి ఫోన్ చేస్తారు. పోలీసు వచ్చి చేతి మీద ఎర్రగా కమిలిన గుర్తు చూస్తాడు. చాలా రాష్ట్రాల్లో ఆ తర్వాత అరెస్టు దాదాపు ఖాయం. మర్నాడు కోపం చల్లారాక భార్య ‘కేసు వద్దు, వెనక్కి తీసుకుంటాను’ అంటుంది. అక్కడ కేసు ఆమెది కాదు, రాష్ట్రానిది. నడపాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ ఇష్టం. మన దగ్గర పెద్దమనుషులు కూర్చోబెట్టి, స్టేషన్‌లో రాజీ కాగితం రాయించినట్టు అక్కడ కుదరదు. పైగా కోర్టు ‘నో కాంటాక్ట్’ ఆర్డరిస్తే భర్త ఇంటికి రాకూడదు, ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. భార్యే రమ్మన్నా రాకూడదు. రక్షణ ఉత్తర్వును అతిక్రమించడమే డిపోర్టేషన్‌కు ఒక కారణం. గృహహింస నేరం రుజువైతే అది ఇంకో కారణం. దీనికి ఏడాది శిక్ష, ఐదేళ్ల గడువు లాంటి లెక్కలు లేవు.

ఇది చదివి ఏ ఆడకూతురూ సాయం అడగడానికి వెనకాడకూడదు. దెబ్బలు తింటున్న మనిషికి 911 ప్రాణరక్షణ. భర్త వీసా మీద ఆధారపడి ఉన్న బాధితులకు యు వీసా లాంటి రక్షణలు ఆ చట్టంలోనే ఉన్నాయి. చెయ్యి ఎత్తే మగవాడే తన మీద, తన కుటుంబం మీద ఏం తెచ్చిపెడుతున్నాడో తెలుసుకోవాలి.

2025 చెప్పిన పాఠం

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో వేలమంది విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ ‘సెవిస్’లో వాళ్ల రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. అధికారులు కోర్టులో చెప్పిన ప్రకారం దాదాపు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార వ్యవస్థతో పోల్చి చూశారు. 6,400 చోట్ల ఏదో ఒకటి తగిలింది. ఆ ‘తగలడం’లో కొట్టేసిన కేసులున్నాయి, ప్రాసిక్యూటర్లు అసలు నమోదే చేయని అరెస్టులున్నాయి, ట్రాఫిక్ తప్పులున్నాయి. దేశమంతటా విద్యార్థులు కోర్టులకెక్కారు, జడ్జిలు వరసగా స్టేలు ఇచ్చారు. ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరిస్తున్నట్టు ప్రకటించింది. ఆ కొన్ని వారాల్లో చదువు ఆగినవాళ్లు, భయపడి టికెట్ కొనుక్కుని తిరిగొచ్చేసినవాళ్లు నష్టపోయింది మాత్రం ఎవరూ తీర్చలేదు.

అదే ఏడాది జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లు షాప్‌లిఫ్టింగ్ కేసులో అరెస్టైతే చాలు, నిర్బంధంలో ఉంచాల్సిందేనంటుంది. జులైలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం దొంగతనం, దాడి లాంటివి చేస్తే వీసా రద్దవుతుందని, మళ్లీ రాకపోవచ్చని భారతీయులను బాహాటంగా హెచ్చరించింది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, ఏ దేశం కన్నా ఎక్కువ. ఆ హెచ్చరిక మన ఇళ్లకు వచ్చినట్టే.

చెరిపినా చెరగదు

పౌరులకూ ఈ బాధ తప్పలేదు. మిస్సోరీలోని ఫెర్గుసన్ పట్టణం మీద అమెరికా న్యాయశాఖ 2015లో నివేదిక ఇచ్చింది. 21 వేల జనాభా ఉన్న ఊళ్లో 16 వేలమందికి పైగా మీద అరెస్టు వారంట్లు పెండింగులో ఉన్నాయి. అక్కడి ఒక పేద మహిళ 2007లో ఒకసారి కారు తప్పుగా పార్క్ చేసింది. 151 డాలర్ల ఫైన్. కట్టలేక కోర్టు తేదీలు తప్పింది. రెండుసార్లు అరెస్టై ఆరు రోజులు జైల్లో ఉంది. ఏడేళ్లలో 550 డాలర్లు కట్టింది. అప్పటికీ ఇంకా 541 డాలర్లు బాకీ తేలింది.

ఉద్యోగానికి, అద్దె ఇంటికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. దోషిగా తేలని అరెస్టులను ఏడేళ్ల తర్వాత ఏజెన్సీలు సాధారణంగా చూపకూడదు. దోషిగా తేలిన కేసుకు ఫెడరల్ చట్టంలో ఆ గడువు లేదు. నర్సింగ్, ఫార్మసీ, వైద్య లైసెన్సు బోర్డులు విడిగా అడుగుతాయి. రికార్డు చెరిపేయించుకునే ‘ఎక్స్‌పంజ్‌మెంట్’ చాలా రాష్ట్రాల్లో ఉంది. కానీ మిషిగన్‌లో జరిగిన అధ్యయనంలో, అర్హత ఉన్నవాళ్లలో ఐదేళ్లలోపు దాన్ని పొందింది 6.5 శాతమేనని తేలింది. అందుకే పెన్సిల్వేనియా 2018లో ‘క్లీన్ స్లేట్’ చట్టం తెచ్చి, దరఖాస్తు లేకుండానే పాత చిన్న కేసులను మూసేయడం మొదలుపెట్టింది. ఆ బాటలో మరికొన్ని రాష్ట్రాలు నడుస్తున్నాయి. మేలైన మార్పే. ఇమిగ్రేషన్ ఫారాలకు మాత్రం అది వర్తించదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, దోషిగా తేలారా’ అన్న ప్రశ్న క్షమాభిక్ష పొందిన కేసులనూ కలిపే అడుగుతుంది. హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్ కేసులో శిక్ష పడినా అక్కడ రాయాల్సిందే. కేసు వల్ల పోని వీసా, దాన్ని దాచడం వల్ల పోతుంది. అబద్ధానికి శాశ్వత నిషేధం పడే ప్రమాదం ఉంది.

ఇరుక్కుంటే ఏం చేయాలి?

- పేరు, చిరునామా, లైసెన్సు, బీమా వివరాలు మర్యాదగా ఇవ్వండి. ‘లాయర్ వచ్చాకే మాట్లాడతాను’ అని చెప్పి ఆగండి. క్షమాపణలు, వివరణలు వద్దు.
- సమన్ల మీద సంతకం కోర్టుకు వస్తానన్న హామీ మాత్రమే. దుకాణం వాళ్లు రాసిన వాంగ్మూలం మీద సంతకం అలాంటిది కాదు, పెట్టొద్దు.
- కోర్టు తేదీ తప్పొద్దు. తప్పితే వారంటు వస్తుంది.
- ఎంత చిన్న మొత్తమైనా ఫైన్ ఆన్‌లైన్‌లో కట్టేముందు, ‘గిల్టీ’ అనేముందు క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ అటార్నీని కూడా అడగండి. తొలి వాయిదాలో ‘నాట్ గిల్టీ’ అని సమయం తీసుకోవడం మీ హక్కు, అది అబద్ధం కింద లెక్కకు రాదు.
- నేరం ఒప్పుకోకుండా ముగిసే డైవర్షన్ ఉందేమో ముందు చూడమనండి.
- అరెస్టైతే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని కోరే హక్కు వియన్నా ఒప్పందం ప్రకారం ఉంది. కోరితేనే చెబుతారు.
- కోర్టు తుది ఉత్తర్వు ధ్రువీకరించిన ప్రతులు దాచుకోండి. ఇరవై ఏళ్ల తర్వాతైనా అడుగుతారు.
- కేసు నడుస్తుండగా దేశం దాటేముందు అటార్నీని తప్పక సంప్రదించండి.

తల్లిదండ్రులకు ఒక మాట. చాలామంది పిల్లలు ఇలాంటి కేసు వస్తే ఇంట్లో చెప్పరు. చేసిన అప్పు గుర్తొస్తుంది, నలుగురిలో పరువు గుర్తొస్తుంది, నాన్న ముఖం గుర్తొస్తుంది. రూమ్మేట్ల సలహాతో, వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటతో ఫైన్ కట్టేసి గుట్టుగా ఉండిపోతారు. ఆ గుట్టు గ్రీన్‌కార్డు నాటికి బయటపడుతుంది, అప్పటికి దిద్దుకునే వీలుండదు. అందుకని విమానమెక్కించే ముందే చెప్పండి: ‘తప్పు చేయకు. పొరపాటున ఏదైనా జరిగితే మాత్రం ముందు మాకు ఫోన్ చెయ్యి, తిట్టం. లాయర్ ఫీజు మేం చూసుకుంటాం.’

అమెరికాలోని తెలుగు సంఘాలకు ఒక విన్నపం. ఏటా మహాసభలకు వేలమందిని కూడగట్టగల శక్తి మీకుంది. ప్రతి సెమిస్టర్ మొదట్లో కొత్తగా దిగిన విద్యార్థులను ఒక పూట కూర్చోబెట్టి, ఆ రాష్ట్ర చట్టం తెలిసిన అటార్నీతో తెలుగులో మాట్లాడించండి. కేసులో ఇరుక్కున్న విద్యార్థి వెంటనే ఫోన్ చేయగల నంబరు ఒకటి ప్రతి నగరంలో ఉంచండి. ఫైన్ కట్టడానికి పది నిమిషాలు చాలు. అంతకు ముందు ఒక్క గంట సరైన మనిషిని అడిగితే, ఆ చిన్న కేసు చిన్న కేసుగానే ముగిసే అవకాశం ఉంటుంది.